రేసు కంటె ముందటి ముచ్చట

ఎవలు గెలిచిండ్రు తాతా అని అడుగుతరు అందరు. మీ నాయిన గూడ చిన్నప్పుడు అదే అడిగేటోడు. స్లాట్ కార్ల రేసు ఎంతసేపు బిడ్డా? లేనుకు మూడు నిమిషాలు, ఎనిమిది లేన్లు, నడుమ నడుమ ఆగుడు, అంత గలిపితే అరగంట. దానికి ముంగట పొద్దటి సంది ఏమేం జరిగిందో అడుగుండ్రి, చెప్త. గెలుసుడు ఓడుడు ఎక్కువపాలు ఆడ్నే తేలిపోయేది. జర ఆ మొద్దును లోపటికి నూకు, పొగ ఇటే కొడుతున్నది. ఆఁ, చాలు.

నేను ఈ డెట్రాయిట్ దిక్కు వచ్చింది 1971ల. వరంగల్ ఆర్‌.ఇ.సి.ల ఎలక్ట్రికల్ చదువుకున్న, ఈడికొచ్చి ఎమ్మెస్ చేసిన, కార్లకు చిన్న చిన్న మోటర్లు చేసే కంపెనీల నౌకరి దొరికింది. పెండ్లి కాలే అప్పటికి. తెలుగు మాట చెవులబడాల్నంటే ఎన్నడో ఒకపారి ఎవలింట్లనన్న కలిస్తేనే. శుక్రవారం సాయంత్రమైతే ఏం చెయ్యాల్నో సమజయ్యేది కాదు. నేను పోయొచ్చే తొవ్వల మూతబడ్డ సూపర్‌మార్కెట్ ఒకటి ఉండె. దాని అద్దాలకు లోపటి దిక్కు నల్లరంగు పూసిండ్రు, ముంగట మాత్రం ఎప్పుడు చూసినా పది పదిహేను కార్లు ఆగి ఉండేటియి. ఒకనాడు తలుపు తీసుకొని లోపటికి పోయిన. మొట్టమొదలు ముక్కుకు తగిలింది జండూబామ్ వాసన. ఈ దేశంల జండూబామ్ ఎవడు రుద్దుకుంటున్నడురా అనుకున్న. తర్వాత తెలిసింది, అది వింటర్‌గ్రీన్ నూనె. టైర్లకు పట్టు దొరకాల్నని పూసే మందులల్ల కలుపుతరు. మన బామ్‌ల పడే గంధపుర తైలం గూడ ఆ జాతిదే. ఇప్పటికీ మీ నాయినమ్మ నా నడుముకు బామ్ రాస్తుంటే నొప్పి సంగతి ఎనక, ట్రాక్ ముందు యాదికొస్తది.

లోపటున్నది స్లాట్ కార్ల ట్రాక్. స్లాట్ కారంటే రిమోటు కారు గాదు బిడ్డా. పెద్ద బల్ల మీద గాడి కొట్టి ఉంటది. కారు ముక్కు కింద గైడ్ అని చిన్న రెక్క, అది గాడిల దిగుతది. గాడికి రెండు దిక్కుల రాగి పట్టీలు, వాటిల్ల పన్నెండు వోల్టుల చిల్లర డీసీ కరెంటు. గైడు కింద అల్లిన రాగి జడలు రెండు ఆ పట్టీలను రాసుకుంట పోతయి, ఆడికెల్లి కరెంటు మోటరుకు చేరుతది. స్టీరింగు లేదు. నీ చేతిల ఉండేది ఒక్క ట్రిగ్గరు. నొక్కితే ఉరుకుతది, ఇడిస్తె ఆగుతది. ఆగుడు గూడ ఉత్త ఆగుడు గాదు. ఇడిచినప్పుడు కంట్రోలరు మోటరు రెండు కొసలను కలిపి షార్టు చేస్తది. తిరుగుతున్న మోటరు డైనమో అయ్యి తనను తానే పట్టుకుంటది. అది చూసినంక నేనింక ఆడికెల్లి కదల్లే.

కదలకపోవుడుకు ఇంకో కారణం ఉంది. మా నాయినకు హన్మకొండల మోటరు వైండింగు దుకాణం ఉండె. ఎండకాలమొస్తె బాయికాడి మోటర్లు కాలిపోయి ఎడ్లబండ్ల మీద దిగేటియి. కాలిన తీగ కోసుడు, చుట్లు లెక్కబెట్టుడు, గేజి చూసుడు, కొత్త తీగ చుట్టుడు, వార్నిష్ పోసి ఆరబెట్టుడు, నిక్కర్లేసుకున్నప్పటి సంది నేను చేసిన పనులే. ఈ ట్రాక్ కాడ ఏమో తెల్ల తోలు మనుషులు, పోరగాండ్ల కెల్లి ముసలోళ్ళ దాక, బొటనవేలంత ఆర్మేచర్ పట్టుకొని ఎన్ని చుట్లు, ఎన్నో గేజి అని కొట్లాడుకుంటున్నరు. ఇంగ్లీషుల కొట్లాడుతున్నరు గని కొట్లాట మాత్రం మా దుకాణం ముంగటిదే.

ఈ ఆట ఇప్పటి తీరుగ మొదలైంది ఇంగ్లండుల. అమెరికాల లయొనెల్ కంపెనీ 1912లనే కరెంటు కార్ల ఆట ఒకటి అమ్మింది గని అది నిలువలే. 1957ల ఫ్రెడ్ ఫ్రాన్సిస్ అనేటాయన స్కేలెక్‌స్ట్రిక్ తెచ్చిండు. అంతకు ముందు ఆయన స్ప్రింగు తోని ఉరికే రేకు కార్లు చేసేటోడు, వాటిల్లనే మోటరు పెట్టిండు. సముద్రం దాటి ఇటొచ్చినంక ఆట పెద్దగైంది. 1960ల నడుమ ఏ ఊర్ల చూసినా రేస్‌వే, గంటకింత అని కిరాయి. పదేండ్లు గూడ ఆ ఊపు నిలువలే, 1967, 68 వచ్చేసరికి వరుసబెట్టి మూతబడ్డయి. నేను పోయిన నాటికి మిగిలినోళ్ళు నిజంగ పిచ్చి పట్టినోళ్ళే. నన్నడిగితే అదే మంచిగైంది.

మా దాన్ని కింగ్ ట్రాక్ అంటరు. చుట్టు 155 అడుగులు, అంటే 47 మీటర్లు. ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, నారింజ, నీలం, పసుపు, ఊదా, నలుపు, ఇట్ల లేనుకో రంగు. కార్లు అసలు కారుల ఇరవై నాలుగో వంతు. చుట్టు ఐదు సెకన్లల తిరిగిందనుకో, గంటకు 34 కిలోమీటర్లు. దాన్ని ఇరవై నాలుగు తోని గుణించి చూడు, ఎనిమిది వందలు దాటుతది. ఇప్పటి బండ్లు అదే కింగ్ మీద రెండు సెకన్లు గూడ పట్టకుండ తిరుగుతున్నయట. కంటికి ఆననిదాన్ని ఏం చూస్తం? నాకైతే ఆ ఐదు సెకన్లే బాగుండె.

పెద్ద రేసు ఉన్ననాడు పొద్దుగాల్నే తలుపు తీసేటోళ్ళు. ఒహాయో కెల్లి, ఇండియానా కెల్లి, నది అవుతల కెనడా విండ్సర్ కెల్లి గూడ వచ్చేటోళ్ళు, చేతులల్ల పనిముట్ల పెట్టెలు పట్టుకొని. ముందు ప్రాక్టీసు. ట్రాక్ సేటు మైకుల అరుస్తడు, లేన్లు మార్చుండ్రి అని. ఒక్కొక్కడు పక్క లేనుకు జరగాలె, చివరోడు దిగి మళ్ళ లైన్ల నిలబడాలె. కారు మీద ఆ లేను రంగు స్టిక్కరు అతికిచ్చుకోవాలె. లేకుంటే ఎగిరి పడ్డ కారు ఏ గాడిలదో మార్షలుకు తెల్వది. మార్షల్స్ అంటే మలుపు మలుపుకు నిలబడి, పడ్డ కార్లు ఎత్తి గాడిల పెట్టేటోళ్ళు. వేరే మనుషులు కాదు, మనమే. ఒక రేసు నడిపితే ఇంకో రేసుకు నిలబడాల్సిందే. అది ఎగ్గొట్టినోని మొఖం మళ్ళ ఎవడు చూడకపోయేది.

ఆ రేసులల్ల ఒక గడ్డపాయన ఉండె. ప్లాంటుల రాత్రి షిఫ్టు చేసి నిద్ర లేకుండ అటుకెల్లి అటే వచ్చేటోడు. అందరు ఏం చేస్తరంటే నడిమి లేన్లు పడతరు, నారింజో నీలమో, దాని మీద మంచి టైము వచ్చిందాక ఉరికిచ్చి మురుస్తరు. ఈయన వంతు వచ్చినప్పుడల్ల పక్కోనితోని లేను మార్చుకొని మరీ ఎరుపు మీదికి, నలుపు మీదికి పోయేటోడు. అవి రెండు కొసల లేన్లు, గట్టర్లు అంటరు. ఎవడు ఎక్కడు కాబట్టి ఆడ రబ్బరు పడదు, దుమ్ము లేవదు, పట్టు ఉండదు. కారు తోక జాడిచ్చిందంటే పక్కన గోడ. నారింజ మీద నువ్వు ఎంత ఉరికితే ఏంది, ఎనిమిదింటి మీద తిరగాలె గదా, ఓడగొట్టేది గట్టరే అని ఆయన వాదం. లెక్క గూడ చెప్పిండు నాకు. గట్టర్ల చుట్టుకు పావు సెకను పోయిందనుకో, మూడు నిమిషాలల్ల ముప్పై ఆరు చుట్లు, అంటే తొమ్మిది సెకన్లు. దగ్గర దగ్గర రెండు చుట్లు పాయె. అదే ఒక్కపారి ఎగిరి పడితే, మార్షల్ ఉరికొచ్చి పెట్టేసరికి ఇంకో చుట్టు పాయె. నారింజ మీద నువ్వు చుట్టుకు నూరోవంతు నూరోవంతు కూడబెట్టుకున్నది ఆడ ఒక్క దెబ్బకు ఒడుస్తది.

ఇంకోటి ఉంది, నాకు మస్తు నచ్చింది. అప్పుడు మా ట్రాక్ మొత్తానికి ఒక్కటే పవర్ సప్లై. ఎనిమిది కార్లు ఒకటేపారి గుంజితే వోల్టేజి పడుతది. పక్కోని కారు ఎగిరి కిందవడంగనే వాడు గుంజే కరెంటు మిగిలిపోయి నీ కారు బుస్సున ముందుకు దుంకుతది. అప్పుడు నువ్వు మలుపుల ఉన్నవంటే వాని ఎనకనే నువ్వు. తర్వాత్తర్వాత కార్ల బ్యాటరీలు తెచ్చి పెట్టినంక ఈ తిప్పలు తప్పినయి. ఆ వోల్టేజి తిప్పలకే గడ్డపాయన ట్రాక్ ఖాళీగ ఉన్నప్పుడు ఎక్కకపోయేది, బల్ల మీద కాఫీ తాగుకుంట కూసునేటోడు. మంది నిండినంక లేచేటోడు.

కార్ల కాడ పనైతే ఎంత చేసినా ఒడువది. చాసిస్ ఇత్తడి కడ్డీలు, పియానో తీగ కలిపి టంకం పెట్టి చేసుకునేది. ముక్కు లేస్తున్నదంటే సీసం ముక్క అతికిచ్చాలె, తోక జారుతున్నదంటే ఇంకోకాడ. లైటర్ల పోసే ఫ్లూయిడ్ తోని టైర్లు తుడుసుకోవాలె. కొత్త కార్బన్ బ్రష్‌లు ఏస్తె అవి కమ్యుటేటరు గుండ్రానికి అరిగి కూసుండేదాక మోటరును తక్కువ వోల్టేజి మీద ఉత్తగ తిప్పాలె. తొందరపడి పూర వోల్టేజి ఇచ్చినోని కమ్యుటేటరు నల్లగైతుండె. నాకు ఈ పనికి పేరొచ్చింది. మోటర్లు నాకు తెచ్చిచ్చి డోనట్లు కొనిపెట్టేటోళ్ళు.

మధ్యాహ్నానికి ప్రాక్టీసు బందు. కార్లన్ని తనిఖీ బల్ల కాడికి.

అసలు ముచ్చట ఇది. తనిఖీ చేసేటాయన టూల్ అండ్ డై పనిల ముసలైన మనిషి. డెట్రాయిట్‌ల ఆ పనోళ్ళకు ఉండే మర్యాద వేరే, ఇంజినీర్లు గూడ వాళ్ళ ముంగట నోరు తెరువకపోయేది. నా మనసుల ఆయనను మాస్టరు అని పిలుచుకునేటోణ్ని. ఒక గుడ్డ మూట విప్పేటోడు, దాంట్ల సొంతంగ సానవట్టిన ఉక్కు ప్లేటు, దానికి గైడు దిగేందుకు గాడి, సందు కొలిచే ఫీలర్ గేజిలు, వెడల్పు చూసే రెండు దిమ్మెలు. ముందు బాడీ చూస్తడు. బాడీ అంటే లెక్సాన్ అని పల్చటి ప్లాస్టిక్, వేడి చేసి అచ్చు మీదికి గుంజిందన్నట్టు. రంగు లోపటి దిక్కు వేస్తరు కాబట్టి పైన ఎంత గీరుకపోయినా రంగు చెడదు. అద్దాల కాడ రంగు ఉండొద్దు, నంబర్లు కనవడాలె, లోపట డ్రైవరు బొమ్మ ఉండాలె, దానికి రంగేసి ఉండాలె. బరువు తగ్గుతదని డ్రైవరు తల కోసేసి తెచ్చిండు ఒకడు. మాస్టరు కారును అటిటు తిప్పి చూసి, ఈ బండి ఎవలు నడుపుతున్నరు అని నిమ్మళంగ అడిగిండు. వాడు పోయి సబ్బుముక్క చెక్కి, కండ్లు మీసాలు గీసి అతికిచ్చుకొచ్చిండు. రూలుబుక్కుల తల దేనితోని చేయాల్నో రాయలే గదా, మాస్టరు ఒప్పుకున్నడు.

తర్వాత వెడల్పు. మూడంగుళాల చిల్లర, రెండు దిమ్మెల నడుమకెల్లి కారు తగలకుండ పోవాలె. తర్వాత కింది సందు. కారును ప్లేటు మీద పెట్టి ఎనకాల గేరు కింద, చాసిస్ కింద గేజి జొనుపుతడు. కారు ఎంత కిందికుంటే మలుపుల అంత మంచిగ నిలబడుతది. గందుకే ప్రతోడు రూలు అంచు దాక దించుకొస్తడు. గేజి పోతే పాసు, ఆగితే ఎనకకు. నూకొద్దు, బలం పెట్టొద్దు, గేజి దాని బరువుకు అది పోవాలె అనేటోడు మాస్టరు. ఆయన వేళ్ళు లావుగుండేటియి గని ఆ గేజి పట్టుకుంటే కదిలినట్టే కనవడకపోయేది.

ఇగ మోటరు. మా క్లాసుల ఆర్మేచర్‌కు ఎన్ని చుట్లు, ఏ గేజి తీగ అని రూలు. చుట్లు తక్కువ చేసి లావు తీగ వేస్తె వేగం పెరుగుతది. విప్పి లెక్కబెట్టాల్నంటే మోటరు పాడైతది, కాబట్టి రెసిస్టెన్సు కొలిచేటోళ్ళు. ఆ రెసిస్టెన్సు ఒక ఓము గూడ ఉండదు. సాదా మీటరు పెడితే మీటరు తీగలదే అందులో సగముంటది. ఒకనాడు మాస్టరు అదే మీటరు తోని తిప్పలవడుతుంటే నాకు ఊకుండబుద్ధి కాలే. నాలుగు తీగలు పెట్టు సార్ అన్న. రెండిట్ల కరెంటు పంపు, వోల్టేజి వేరే రెండు తీగలు పెట్టి మోటరు కొసల కాడ్నే చూడు, తీగల రెసిస్టెన్సు లెక్కల్నే రాదు. ఆయన నా దిక్కు చూసిండు, కుర్చీ జరిపిండు. అప్పటి సంది నేను ఆ బల్లకు ఇవుతలి దిక్కు.

ఆ బల్ల కాడ ఒక తమాష జరిగింది, చెప్త. ఒక పోరడు, మంచి డ్రైవరే, ప్రతి రేసుకు తనిఖీకి ఆఖరు నిమిషంల ఉరికొచ్చేటోడు. ట్రాక్ మీదికెల్లి కారు దించి, అదే చేత్తోని తెచ్చి బల్ల మీద పెడుతడు. మేం కొలుస్తం, సరిగ్గ సరిపోతది. ఓపారి మోటరు ముట్టుకుంటే చెయ్యి కాలింది నాకు. రాగి వేడెక్కితే రెసిస్టెన్సు పెరుగుతది బిడ్డా, డిగ్రీకి వెయ్యింట్ల నాలుగు పాళ్ళు. యాభై డిగ్రీలు ఎక్కితే ఐదోవంతు పెరిగినట్టు. మా నాయిన దుకాణంల గూడ మోటరు చల్లారకుండ కొలువనిచ్చేటోడు కాదు. నేను మాస్టరు చెవుల చెప్పిన. ఆయన పోరనితోని ఏమనలే. నీ బండి ఈడ ఉండనియ్, మేం కాఫీ తాగొస్తం అన్నడు. పోరని మొఖం మాడిపోయింది. తిరిగొచ్చి కొలిస్తె ముల్లు ఎక్కడుండాల్నో ఆడ లేదు. మాస్టరు లొల్లి చేయలే. కారు చేతిల పెట్టి, సరైన ఆర్మేచర్ వేసుకొని రా, ఇంక పావుగంట టైముంది అన్నడు. ఆ తర్వాత బల్ల కాడ గోడకు ఓ కాగితం అతికింది: అరగంట చల్లారినంకనే తనిఖీ.

పాసైన కారు మళ్ళ నీ చేతికి రాదు. బల్ల ఎనక అరలల్లకు పోతది. రేసు పేరు పలికిందాక ముట్టుకునుడు లేదు, నూనె చుక్క ఏసుడు లేదు. మనుషులు ఆ అరల ముంగట తచ్చాడుకుంట, సొంత కారును దూరం కెల్లి చూసుకుంట తిరిగేటోళ్ళు. ఎన్నడు సిగరెట్ తాగనోడు గూడ బయటికి పోయి ఒకటి కాలిచ్చేటోడు.

క్వాలిఫయింగుకు ఒక్కడే ట్రాక్ మీద. అందరికి ఒక్కటే లేను, ఒక్కటే నిమిషం, దాంట్ల వచ్చిన మంచి చుట్టు ఒక్కటి లెక్క. సేటు, ఇంకొకాయన, ఇద్దరు రెండు గడియారాలు పట్టేటోళ్ళు. ఎవలు ముందు ఎవలు ఎనక అన్నది చీటీలు తీసి తేల్చేది. ముందు పోయినోనికి ట్రాక్ సల్లగుంటది, ఎనక పోయినోనికి అందరి టైర్ల రబ్బరు పరుచుకొని ఉంటది. గందుకే చీటీ మీద ఎప్పుడు గులుగుడే.

ఇగ చూడాలె. పొద్దంత ఎనిమిది కార్ల నడుమ ప్రాక్టీసు చేసినోడు, ఇప్పుడు ఒంటరిగ ఎక్కంగనే వోల్టేజి పూర వస్తది. పొడుగు దారిల కారు ఎన్నడు లేనంత ఊపుల పోతది. పొద్దటి సంది ఏడ ట్రిగ్గరు ఇడిచిండో ఇప్పుడు గూడ ఆడ్నే ఇడుస్తడు. కారు మలుపు తిరుగకుండ సక్కగ పోయి గోడకు కొడుతది. మొదటి చుట్టుకే ఎంతమంది పోయిండ్రో. ఒక పెద్ద రేసునాడు గడ్డపాయన ఎక్కి, మొదటి చుట్లు ఉత్తగ నడిపిండు. ఎవలన్న చూస్తె నిద్రపోతున్నడు అనుకోవాలె. ప్రతి చుట్టుకు కొంచెం ముందు ఇడుసుకుంట, కొంచెం కొంచెం జరుపుకుంట, నిమిషం ఒడిసే కాడ ఒక్క చుట్టు కొట్టిండు. గడియారాలు రెండు ఒకదానికొకటి కలిసినయి. మూడో నంబరు వచ్చింది.

మొదటి ఏడుగురు ఏ మెయిను. తర్వాతి ఎనిమిది బీ మెయిను, దాంట్ల గెలిచినోడు ఏ మెయినుల ఎక్కుతడు. అందరికంటె వేగం కొట్టినోడు లేను ముందు కోరుకుంటడు. ఆనాడు ఫస్టు వచ్చింది ఒహాయో ఆయన, నారింజ కోరుకున్నడు. రెండో ఆయన నీలం. గడ్డపాయన ఎరుపు అన్నడు. సేటు రెండోపారి అడిగిండు, ఎరుపేనా అని. పట్టు తాజగ ఉన్నప్పుడే ఆ గట్టరు ఒడగొట్టుకుందామని ఆయన ఉపాయం. నాకు పద్నాలుగో నంబరు, బీ మెయిను. నా ముచ్చట వదిలెయ్యి, మంచిగనే నడిపిన.

రేసు అయిపోయినంక అందరు చప్పట్లు కొట్టి పోదామనుకుంటరు గని ఇంకో పని ఉంటది. మొదటి మూడు కార్లు మళ్ళ మాస్టరు ప్లేటు ఎక్కాలె. ఒహాయో ఆయన చుట్టు తేడాతోని గెలిచిండు, గడ్డపాయన రెండు, విండ్సర్ ఆయన మూడు. ఒహాయో కారు ప్లేటు మీద పెడితే గేజి సగం దాక పోయి ఆగింది. పొద్దున అదే కారు, అదే గేజి, పోయింది. అరగంట రేసుల టైర్లు అరుగుతయి గదా, అరిగినంత కారు దిగుతది. ఆయన అంచు దాక దించి తెచ్చిండు, అరుగుదలకు సందు ఇడువలే. మాస్టరు ప్లేటు తుడిచిండు, గేజి తుడిచిండు, కారు టైర్లు గూడ తుడిచి మళ్ళ పెట్టిండు. పోలే. గడ్డపాయన కారు పెట్టిండు, పోయింది.

ఒహాయో ఆయన లొల్లి పెట్టలే. కొద్దిసేపు ఆ ప్లేటు దిక్కే చూసుకుంట నిలబడ్డడు. ఇది నువ్వే చేసినవా అని మాస్టరును అడిగిండు, నాకొకటి చేసిస్తవా అన్నడు. మాస్టరు ఇంటి అడ్రసు రాయించుకొని, వచ్చే వారంల నిజంగనే ఒకటి సానవట్టి పోస్టుల పంపిండు. చేసినందుకు పైసలు తీసుకోలే గని స్టాంపుల ఖర్చు మాత్రం లెక్క రాసి అడిగి తీసుకున్నడు.